ఇంట్లో కంప్యూటర్లకు, ప్రింటర్‌కు మారని ఐపీ అడ్రస్: రాయాల్సింది రౌటర్‌లో

తమ్ముడూ, నీ సమస్యను ముందు నా మాటల్లో చెబుతాను, తేడా ఉంటే సరిచెయ్యి. కడపలో ఇంటి నుంచే అంగళ్ల లెక్కలు రాస్తున్నావు. ఇంట్లో రెండు డెస్క్‌టాప్‌లు, ఒక ల్యాప్‌టాప్, ఒక వైఫై లేజర్ ప్రింటర్, నాలుగు కెమెరాల డీవీఆర్ (కెమెరా వీడియోలు రికార్డు చేసే పెట్టె) ఉన్నాయి. లెక్కలు రాసే సాఫ్ట్‌వేర్ ట్యాలీ, దాని డేటా ఒక డెస్క్‌టాప్‌లో ఉంది, మిగతా రెండూ షేర్ ఫోల్డర్ ద్వారా దాన్ని తెరుస్తాయి. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా ప్రింటర్ ఆఫ్‌లైన్ అంటుంది, ఫోల్డర్ తెరుచుకోదు. ఏదో వీడియో చూసి ట్యాలీ కంప్యూటర్‌లో ఐపీ అడ్రస్, అంటే నెట్‌వర్క్‌లో ఆ పరికరాన్ని గుర్తుపట్టే నంబరు, 192.168.1.5 అని చేత్తో పెట్టావు. నాలుగు రోజులు బాగా నడిచింది. ఐదో రోజు పొద్దున ఐపీ అడ్రస్ కాన్‌ఫ్లిక్ట్ అని మెసేజ్ వచ్చి, నెట్ కూడా పోయింది. సిగ్నల్ అందడం లేదని మేడ మీద ఇంకో రౌటర్ పెట్టానని కూడా రాశావు.

ఈ జిల్లాలో ఇళ్లకు, చిన్న ఆఫీసులకు నెట్‌వర్క్ పనులు చేస్తూ నాకు ఇరవై ఏళ్లు కావస్తోంది. నీ ఆలోచన సరైనదే, అడ్రస్ మారకుండా ఖాయం చేయాల్సిందే. కానీ ఆ పని కంప్యూటర్‌లో చేశావు, చేయాల్సింది రౌటర్‌లో. ఈ ఒక్క తేడా పట్టుకుంటే మిగతాదంతా గంట పని.

అసలు ఏం జరిగిందో చూడు. మన పెద్ద దర్గా ఉరుసు రోజుల్లో లాడ్జి ఎలా ఉంటుందో తెలుసు కదా. మేనేజర్ రిజిస్టర్ చూస్తాడు, ఏ గది ఖాళీగా ఉంటే ఆ తాళం ఇస్తాడు. నీ రౌటర్‌లో ఆ మేనేజర్ పని చేసేదాని పేరు డీహెచ్‌సీపీ. ఫోన్ గానీ, టీవీ గానీ, కంప్యూటర్ గానీ నెట్‌వర్క్‌లోకి రాగానే 'నాకో అడ్రస్ కావాలి' అని అడుగుతుంది, రౌటర్ ఒక నంబరు ఇచ్చి, ఇంత సేపటికి అని గడువు రాసుకుంటుంది. ఆ గడువునే లీజ్ అంటారు. సగం గడువు అయ్యేసరికి పరికరం మళ్లీ వచ్చి పొడిగించమని అడుగుతుంది. రౌటర్ ఆగకుండా నడుస్తున్నంత కాలం దాదాపు ఎప్పుడూ పాత నంబరే దొరుకుతుంది, అందుకే మామూలు రోజుల్లో నీకు ఏ ఇబ్బందీ కనపడదు.

కరెంటు పోతేనే తంటా. ఇళ్లలో వాడే తక్కువ ధర రౌటర్లలో చాలావాటికి ఆ రిజిస్టర్ తాత్కాలిక మెమరీలో మాత్రమే ఉంటుంది. ఆరిపోయి వెలిగితే తెల్ల కాగితం. ముందు ఎవరు వస్తే వాళ్లకు ముందు నంబరు. నీ ప్రింటర్ నిద్ర లేచేలోపే ఫోన్లూ టీవీ వచ్చి నంబర్లు పట్టుకుపోతాయి. ప్రింటర్‌కు కొత్త నంబరు పడుతుంది, కంప్యూటరేమో పాత నంబరు దగ్గరే తలుపు కొడుతూ ఉంటుంది. అదే నీకు కనిపించే ఆఫ్‌లైన్. లీజ్ గడువు పెంచితే సరిపోతుందని కొందరు చెబుతారు. రిజిస్టరే చెరిగిపోయే రౌటర్‌లో గడువు ఎంత పెంచినా లాభం లేదు.

ఇక నువ్వు చేత్తో 5 (192.168.1.5లో ఆఖరి అంకె) పెట్టడం అంటే, మేనేజర్‌కు చెప్పకుండా నేరుగా ఐదో గదిలోకి వెళ్లి పడుకోవడమే. రాత్రి నీ కంప్యూటర్ ఆఫ్ చేశావు. కరెంటు పోయి వచ్చింది. రౌటర్ చూసింది, 5 ఖాళీ, ఇంట్లో ఎవరిదో ఫోన్‌కు ఇచ్చేసింది. పొద్దున నువ్వు కంప్యూటర్ వేశావు, ఒకే నంబరుకు ఇద్దరు. విండోస్ ఆ గొడవ గమనించి 5ను వదిలేసి, 169.254తో మొదలయ్యే నంబరు తనకు తానే పెట్టుకుంటుంది. ఆ నంబరుతో నెట్ రాదు. ఇంకెప్పుడైనా 169.254 కనపడితే గుర్తుపెట్టుకో, ఆ పరికరానికి సరైన అడ్రస్ దొరకలేదని అర్థం.

చేత్తో పెట్టడం వల్ల ఇంకో నష్టం నేనే అనుభవించాను. జీఎస్టీ వచ్చిన కొత్తలో అనంతపురం కమలానగర్‌లో లెక్కలు రాసే ఒక సార్ ఇంట్లో ఎనిమిది కంప్యూటర్లకు ఒక్కొక్కదానికీ కూర్చుని నంబర్లు పెట్టి వచ్చాను. కొన్ని నెలలకు ఆయన నెట్ కనెక్షన్ వేరే కంపెనీకి మార్చుకున్నారు. పాత బాక్స్ (నెట్ కంపెనీ ఇచ్చే రౌటర్) 192.168.1తో మొదలయ్యే వరుస ఇచ్చేది, కొత్త బాక్స్ 192.168.100 వరుస ఇచ్చింది. ఎనిమిది కంప్యూటర్లూ ఒకేసారి నెట్ నుంచి తెగిపోయాయి. అది పంతొమ్మిదో తేదీ, మర్నాడే జీఎస్టీ త్రీబీ రిటర్నులకు ఆఖరు. కొత్త బాక్స్ వరుస మార్చేద్దామంటే ఆ సెట్టింగ్ లాక్ చేసి ఉంది. నేను కడప నుంచి బస్సెక్కి వెళ్లి ఒక్కొక్కటీ మళ్లీ ఆటోమేటిక్‌కు తిప్పేసరికి రాత్రి పదకొండైంది. ఆ సార్ ఒక్క మాట కూడా అనలేదు, అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది. ఆ రోజు నుంచి ఇళ్లలో చేత్తో నంబర్లు పెట్టడం మానేశాను. రౌటర్‌లోనే ఖాయం చేసి ఉంటే బాక్స్ మారినా కంప్యూటర్లన్నీ కొత్త వరుసలో ఏదో ఒక నంబరు తీసుకుని నెట్ అయినా నడిచేది.

రౌటర్‌లో ఖాయం చేయడాన్ని రిజర్వేషన్ అంటారు. 'ఈ మనిషి ఎప్పుడొచ్చినా ఐదో గదే ఇవ్వు, ఇంకెవరికీ ఇవ్వకు' అని మేనేజర్ రిజిస్టర్‌లోనే రాయించడం. ఆ రాత సెట్టింగుల్లో సేవ్ అవుతుంది, కరెంటు పోయినా చెరగదు. కంప్యూటర్ మాత్రం ఆటోమేటిక్‌లోనే ఉంటుంది.

ఇప్పుడు పని మొదలుపెడదాం. ముందు ట్యాలీ కంప్యూటర్‌లో పెట్టిన 5 తీసెయ్యి. విండోస్ సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్‌లోకి వెళ్లు. కేబుల్ అయితే ఈథర్‌నెట్, లేకపోతే వైఫై. అక్కడ ఐపీ అసైన్‌మెంట్ అన్నచోట ఎడిట్ నొక్కి ఆటోమేటిక్ పెట్టు. తర్వాత కమాండ్ ప్రాంప్ట్ తెరిచి, ఇంగ్లీషు అక్షరాల్లో ఐపీకాన్ఫిగ్ (ipconfig) అని ఖాళీ లేకుండా కొట్టు. డీఫాల్ట్ గేట్‌వే అన్న వరుసలో ఉన్నదే నీ రౌటర్ అడ్రస్. నీది 192.168.1.1 అయి ఉండాలి. జియో ఫైబర్ వాడేవాళ్లకు మామూలుగా 192.168.29.1 ఉంటుంది, కొన్ని రౌటర్లలో 192.168.0.1 ఉంటుంది. ఎక్కడో చదివిన నంబరు కొట్టకుండా నీ స్క్రీన్ మీద కనిపించేదే వాడు.

ఆ నంబరును బ్రౌజర్‌లో అడ్రస్ కొట్టేచోట కొడితే లాగిన్ పేజీ వస్తుంది. యూజర్ పేరు, పాస్‌వర్డ్ బాక్స్ అడుగున స్టిక్కర్ మీద ఉంటాయి. లేకపోతే కనెక్షన్ పెట్టిన కేబుల్ అబ్బాయిని అడుగు. లోపలికి వెళ్లగానే ఆ పాస్‌వర్డ్ మార్చి ఒక కాగితం మీద రాసుకో. ఎప్పుడో చేద్దామని వదిలేసే పని ఇది, కానీ వీధిలో అందరి బాక్సులకూ ఒకే పాస్‌వర్డ్ ఉన్న సందర్భాలు నేను చూశాను.

లోపల ల్యాన్ లేదా డీహెచ్‌సీపీ అన్న పేజీ వెతుకు. స్టార్ట్ అడ్రస్, ఎండ్ అడ్రస్ అని రెండు గళ్లు ఉంటాయి. చాలా బాక్సుల్లో 2 నుంచి 254 దాకా అంతా పంచిపెట్టేలా ఉంటుంది. దాన్ని 192.168.1.100 నుంచి 192.168.1.200కు కుదించు. వచ్చేపోయే ఫోన్లకు, చుట్టాల ల్యాప్‌టాప్‌లకు ఆ నూరు నంబర్లు ధారాళంగా చాలు. 2 నుంచి 99 దాకా నీ సొంతం.

నేనైతే నీ ఇంటికి ఇలా పెడతాను. ఫైబర్ బాక్స్ 1, మేడ మీద రౌటర్ 2, ట్యాలీ కంప్యూటర్ 10, రెండో డెస్క్‌టాప్ 11 (ఇది తప్పనిసరి కాదు, ముందుజాగ్రత్త), ప్రింటర్ 20, డీవీఆర్ 30. మధ్యలో ఖాళీలు ఎందుకంటే రేపు ఇంకో ప్రింటరో కంప్యూటరో వస్తే పక్కనే పడుతుంది, నంబరు చూడగానే అది ఏమిటో తెలుస్తుంది. ల్యాప్‌టాప్‌కు, ఫోన్లకు, టీవీకి రిజర్వేషన్ అక్కర్లేదు. ఇంకొకరు వెతుక్కుంటూ వచ్చే పరికరానికే స్థిరమైన అడ్రస్ కావాలి. ట్యాలీ కంప్యూటర్ దగ్గరికి మిగతా రెండూ వస్తాయి, ప్రింటర్ దగ్గరికి అందరూ వస్తారు, డీవీఆర్ దగ్గరికి ఫోన్ యాప్ వస్తుంది. ఫోన్ దగ్గరికి ఎవరూ రారు.

రిజర్వేషన్ చేయాలంటే ప్రతి పరికరం మ్యాక్ అడ్రస్ కావాలి. అది ఫ్యాక్టరీలోనే వేసిన గుర్తు, రెండేసి చొప్పున ఆరు జతలు, మొత్తం పన్నెండు అక్షరాలు, అంకెలు కలిసి ఉంటాయి. ఇక్కడ తొందరపడకు. మొన్నామధ్య ఎర్రముక్కపల్లెలో ఒక ఇంటికి వెళ్లాను. వాళ్లబ్బాయి అన్నీ నేను చెప్పినట్టే చేశాడు, అయినా ప్రింటర్ నంబరు మారుతూనే ఉంది. ప్రింటర్ వెనక్కి తిప్పి, ఫోన్ లైటు వేసి స్టిక్కర్ చూశాం. దాని మీద ఉన్నది కేబుల్ పెట్టే రంధ్రం తాలూకు మ్యాక్. ప్రింటర్ నడుస్తున్నదేమో వైఫై మీద, వైఫైకి వేరే మ్యాక్ ఉంటుంది. రెండింటికీ చివరి అంకె ఒక్కటే తేడా, అందుకే ఆ అబ్బాయి కంటికి ఒకటే అనిపించింది. ల్యాప్‌టాప్‌లకూ, డెస్క్‌టాప్‌లకూ ఇదే సంగతి, కేబుల్‌కు ఒకటి, వైఫైకి ఒకటి.

కాబట్టి స్టిక్కర్ చూసి రాసుకోవడం కంటే, రౌటర్‌లోనే డీహెచ్‌సీపీ క్లయింట్ లిస్ట్ అన్న పేజీ తెరువు. ఇప్పుడు నిజంగా కనెక్ట్ అయి ఉన్న మ్యాక్‌లు అక్కడ పేర్లతో సహా కనిపిస్తాయి. అక్కడి నుంచి కాపీ చేస్తే 8కి, బి అక్షరానికి మధ్య పొరబాటు పడే భయం కూడా ఉండదు. ఏది ప్రింటరో తెలియకపోతే ప్రింటర్ మెనూలో నెట్‌వర్క్ రిపోర్ట్ లేదా కాన్ఫిగరేషన్ పేజీ ప్రింట్ తియ్యి, అందులో మ్యాక్, ఐపీ రెండూ ఉంటాయి. కంప్యూటర్‌కైతే ఐపీకాన్ఫిగ్ తర్వాత ఒక ఖాళీ వదిలి, ఏటవాలు గీత పెట్టి ఆల్ అని (ipconfig /all) కొడితే ఫిజికల్ అడ్రస్ అని చూపిస్తుంది.

మ్యాక్ విషయంలో ఇంకో మెలిక ఉంది. ఆండ్రాయిడ్ 10 నుంచి, ఐఫోన్లలో ఐఓఎస్ 14 నుంచి, ఫోన్లు తమ అసలు మ్యాక్ దాచి ప్రతి వైఫైకీ ఒక కల్పిత మ్యాక్ చూపిస్తున్నాయి. విండోస్‌లో కూడా ర్యాండమ్ హార్డ్‌వేర్ అడ్రసెస్ అని ఒక స్విచ్ ఉంటుంది. రెండో డెస్క్‌టాప్ వైఫై మీద ఉంటే ఆ స్విచ్ ఆఫ్‌లో ఉందో లేదో చూసుకో, ఆన్‌లో ఉంటే రిజర్వేషన్ నిలవకపోవచ్చు. కల్పిత మ్యాక్‌ను గుర్తుపట్టడం తేలిక. మొదటి జతలో రెండో గుర్తు 2, 6, ఏ, ఈ వీటిలో ఏదైనా అయితే దాదాపుగా అది కల్పితమే.

మ్యాక్‌లు చేతికొచ్చాక రిజర్వేషన్ పేజీకి వెళ్లు. ఒక్కో కంపెనీ ఒక్కో పేరు పెడుతుంది, అడ్రస్ రిజర్వేషన్ అనో, స్టాటిక్ డీహెచ్‌సీపీ అనో, స్టాటిక్ లీజ్ అనో ఉంటుంది. ఐపీ మ్యాక్ బైండింగ్ అన్న పేరు కనపడితే మాత్రం ఆగి చూడు. కొన్ని బాక్సుల్లో అది రిజర్వేషనే. పాత టీపీ లింక్ రౌటర్లలో అది వేరే పని చేసే పేజీ. ఏ మ్యాక్‌కు ఏ నంబరు ఉండాలో కాపలా కాస్తుందే గానీ నంబరు పంచిపెట్టదు. వాటిలో నీకు కావాల్సింది డీహెచ్‌సీపీ మెనూ కింద ఉండే అడ్రస్ రిజర్వేషన్. ఒక్కొక్క మ్యాక్ ఎదురుగా నీ నంబరు రాసి సేవ్ చెయ్యి. కొన్ని బాక్సులు 100 నుంచి 200 లోపల నంబరే ఇవ్వమని మొండికేస్తాయి. అలాగే కానివ్వు, 110, 120 అని పెట్టుకో, రిజర్వ్ చేసిన నంబరును అది వేరేవాళ్లకు ఇవ్వదు.

సేవ్ చేశాక రౌటర్‌ను ఒకసారి ఆపి వెయ్యి, తర్వాత పరికరాలు ఒక్కొక్కటీ ఆపి వెయ్యి. పాత లీజ్ పట్టుకుని కూర్చున్నవన్నీ కొత్త నంబర్లకు వస్తాయి.

ఇక్కడితో అయిపోయిందని చాలామంది లేచిపోతారు, మర్నాడు ప్రింటర్ మళ్లీ ఆఫ్‌లైన్ అంటుంది. ఎందుకంటే ప్రింటర్ అడ్రస్ మారింది కానీ, కంప్యూటర్‌కు ఆ సంగతి ఎవరూ చెప్పలేదు. మూడు కంప్యూటర్లలోనూ ప్రింటర్ ప్రాపర్టీస్ తెరిచి, పోర్ట్స్ ట్యాబ్‌లో చూడు. డబ్ల్యూఎస్‌డీ అని మొదలయ్యే పోర్ట్ టిక్ అయి ఉంటే, ప్రింటర్‌ను తనకు తానే వెతుక్కునే పోర్ట్ అది, చాలా ఇళ్లలో తరచు దారి తప్పేది అదే. యాడ్ పోర్ట్ నొక్కి, స్టాండర్డ్ టీసీపీ ఐపీ పోర్ట్ ఎంచుకుని, 192.168.1.20 ఇవ్వు. ప్రింటర్ సమస్య చాలావరకు ఇక్కడే తీరుతుంది.

షేర్ ఫోల్డర్‌కూ ఇదే. ల్యాప్‌టాప్‌లో నెట్‌వర్క్ డ్రైవ్ మ్యాప్ చేసేటప్పుడు \\192.168.1.10 తో మొదలుపెట్టు. కంప్యూటర్ పేరుతో కూడా తెరవొచ్చు, కానీ రెండు రౌటర్లున్న ఇళ్లలో ముందుగా పనిచేయకుండా పోయేది పేరే. ట్యాలీ కంప్యూటర్‌లో నెట్‌వర్క్ ప్రొఫైల్ పబ్లిక్ అని ఉంటే ప్రైవేట్‌కు మార్చు, లేకపోతే అడ్రస్ సరిగ్గా ఉన్నా ఫైర్‌వాల్ తలుపు తీయదు.

మేడ మీద రౌటర్ సంగతి. ఫైబర్ బాక్స్ నుంచి వచ్చిన తీగ దాని వ్యాన్ (బయటి నెట్ తీగ పెట్టే) రంధ్రంలో పెట్టి ఉంటే, మేడ మీద అది ఇంకో లాడ్జి తెరిచినట్టు. దాని మేనేజర్ వేరు, రిజిస్టర్ వేరు. పైన కూర్చుని ల్యాప్‌టాప్‌లో ప్రింట్ ఇస్తే ఒకసారి పోయి, ఒకసారి పోకపోవడానికి ఇది కూడా కారణం అయి ఉండొచ్చు. ఆ రౌటర్‌లో యాక్సెస్ పాయింట్ మోడ్ (నంబర్లు పంచకుండా వైఫై మాత్రమే ఇచ్చే పద్ధతి) ఉంటే అదే పెట్టు. లేకపోతే ఆ రౌటర్ పేజీలోకి వెళ్లి, దాని ల్యాన్ అడ్రస్ 192.168.1.2 చేసి, డీహెచ్‌సీపీ ఆఫ్ చేసి, తీగను వ్యాన్ నుంచి తీసి ల్యాన్ (ఇంట్లో పరికరాల తీగలు పెట్టే) రంధ్రంలో పెట్టు. తీగ ఆఖర్న మార్చు. డీహెచ్‌సీపీ ఆపకుండా ముందే తీగ మార్చితే ఒకే ఇంట్లో ఇద్దరు మేనేజర్లు తాళాలు పంచుతారు, అప్పుడు వచ్చే టెన్షన్ మామూలుగా ఉండదు.

చేత్తో నంబరు పెట్టడం తప్పదనుకునేవి ఇంట్లో రెండే. ఒకటి ఈ మేడ మీద రౌటర్. రెండోది కొన్ని పాత డీవీఆర్‌లు, వాటిలో డీహెచ్‌సీపీ సరిగ్గా పనిచేయదు. నీ డీవీఆర్ అలాంటిదైతే దాని మెనూలోనే 192.168.1.30 పెట్టు. సబ్‌నెట్ మాస్క్ 255.255.255.0, గేట్‌వే 192.168.1.1. డీఎన్ఎస్ (నెట్‌లో పేర్లకు నంబర్లు వెతికిపెట్టేది) గడిని ఖాళీగా వదలకు, అక్కడ కూడా 192.168.1.1 రాయి. గేట్‌వే, డీఎన్ఎస్ ఖాళీగా ఉంటే ఇంట్లో టీవీలో కెమెరాలు చక్కగా కనిపిస్తాయి, ఊరెళ్లి ఫోన్‌లో చూస్తే మాత్రం రావు. ముందు ముందు ఐపీ కెమెరాలు కొంటే ఒక్కొక్కటే కనెక్ట్ చేసి నంబరు మార్చు. ఒకే కంపెనీ కెమెరాలు ఒకే నంబరుతో రావొచ్చు, హిక్‌విజన్‌వి మామూలుగా 192.168.1.64తో వస్తాయి. నాలుగూ ఒకేసారి పెడితే నలుగురూ ఒకే గదిలోకి దూరతారు.

నెట్ ఆఫీసులో స్టాటిక్ ఐపీ కావాలంటే నెలనెలా డబ్బు కట్టాలన్నారని రాశావు. వాళ్లు చెప్పింది అబద్ధం కాదు, అది వేరే వస్తువు. వాళ్లిచ్చేది బయట ప్రపంచానికి కనిపించే అడ్రస్. 10తో మొదలయ్యేవి, 172.16 నుంచి 172.31 దాకా ఉన్నవి, 192.168తో మొదలయ్యేవి, ఈ మూడు వరుసలనూ 1990ల్లోనే ఎవరి ఇంట్లో వాళ్లు ఉచితంగా వాడుకోవడానికి విడిచిపెట్టారు. నీ 192.168.1.10, పక్కింటివాళ్ల 192.168.1.10 ఒకదానికొకటి అడ్డురావు. నీ పనికి పైసా కట్టక్కర్లేదు.

డబ్బు పెట్టాలనుకుంటే రౌటర్‌కు ఒక చిన్న డీసీ యూపీఎస్ (కరెంటు పోయినా రౌటర్‌ను నడిపే బ్యాటరీ) కొను. ఎండాకాలంలో కరెంటు ఎన్నిసార్లు పోయి వస్తుందో నీకు తెలుసు. ప్రతిసారీ బాక్స్ ఆరి వెలగడం దానికీ మంచిది కాదు. కొనే ముందు బాక్స్ అడాప్టర్ మీద ఎన్ని వోల్టులు, ఎన్ని ఆంపియర్లు రాసి ఉందో చూసుకో. 12 వోల్టులది ఎక్కువగా ఉంటుంది, 9 వోల్టులవి కూడా ఉన్నాయి, తప్పుది గుచ్చితే బాక్స్ పోతుంది.

అంతా అయ్యాక పరీక్ష ఇలా చెయ్యి. రౌటర్ స్విచ్ ఆపి, పది లెక్కపెట్టి వెయ్యి. ముందు ఫోన్లన్నీ కనెక్ట్ కానివ్వు, కావాలనే ప్రింటర్‌ను, ట్యాలీ కంప్యూటర్‌ను ఆఖర్న వెయ్యి. ల్యాప్‌టాప్ నుంచి ఒక పేజీ ప్రింట్ ఇవ్వు, ట్యాలీ డేటా తెరువు. రెండూ జరిగితే పని అయినట్టే. అప్పుడు రిజర్వేషన్ పేజీని ఫోన్‌తో ఫోటో తీసి పెట్టుకో. రేపు ఫైబర్ వాళ్లు బాక్స్ మార్చినా, ఎవరైనా రీసెట్ గుండీ నొక్కినా ఆ రాతలన్నీ పోతాయి, ఫోటో ఉంటే పది నిమిషాల్లో మళ్లీ ఎక్కించుకోవచ్చు.

ఆ మెనూ దొరక్కపోతే బాక్స్ అడుగున స్టిక్కర్ మీద ఉన్న మోడల్ పేరు రాసి పంపు, ఎక్కడుందో చెబుతాను. అదే స్టిక్కర్ మీద పాస్‌వర్డ్ కూడా ఉంటుంది, ఫోటో పంపేటట్టయితే దాని మీద వేలు అడ్డం పెట్టి తియ్యి.